విడిపోయిన బీట్‌రూట్ లిప్ గ్లాస్: కారణాలు, దిద్దుబాటు, మన ఎండలకు నిలిచే ఫార్ములా

కేసు వివరం

పరిశీలనకు వచ్చింది ఇంట్లో చేసిన బీట్‌రూట్–తేనె లిప్ గ్లాస్. ఏప్రిల్ మొదట్లో ఖమ్మంలో తయారైంది. పెళ్లికి వచ్చే ఆడపిల్లలకు రిటర్న్ గిఫ్టుగా ఇవ్వాలన్నది ఉద్దేశం. పది మిల్లీలీటర్ల ప్లాస్టిక్ ట్యూబు, మూతకు అతికి ఉండే అప్లికేటర్. చేసిన రోజు చూడముచ్చటగా, గులాబీ రంగులో, తియ్యటి వాసనతో ఉంది. వారం తిరిగేసరికి అడుగున గోధుమరంగు నీళ్లు, పైన పసుపుపచ్చ నూనె. మూత తీస్తే పుల్లటి వాసన, చిన్న బుడగలు. బ్యాగులో పెట్టుకున్న ట్యూబుల్లోంచి నూనె కారి కర్చీఫులు తడిశాయి. రాసుకుంటే మెరుపు పది నిమిషాలు కూడా ఉండటం లేదు, పైగా పెదవి చురచురమంటోంది.

వాడిన కొలతలు ఇవి: కొబ్బరినూనె రెండు టేబుల్ స్పూన్లు, తేనె ఒక టీ స్పూను, వడగట్టిన బీట్‌రూట్ రసం ఒక టీ స్పూను, తేనెమైనం తురుము చిటికెడు, మందుల షాపులో దొరికే విటమిన్ ఇ క్యాప్సూల్ ఒకటి, పుదీనా ఎసెన్షియల్ ఆయిల్ ఐదు చుక్కలు. వీటన్నిటినీ నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించి, గిలక్కొట్టి పోశారు. తెలుగులో తిరిగే లిప్ గ్లాస్ రెసిపీలు చాలావరకు ఇదే వరసలో ఉంటాయి. ఒకరు తేనె బదులు గ్లిసరిన్ అంటారు, ఇంకొకరు బీట్‌రూట్ బదులు దానిమ్మ రసం అంటారు, మరొకరు కలబంద గుజ్జు కలపమంటారు. తప్పు మాత్రం అన్నిట్లోనూ ఒకటే. అది నీళ్లు.

ఏం జరిగింది

గ్రాముల్లోకి మారిస్తే విషయం తేటపడుతుంది. టీ స్పూను తేనె సుమారు 7 గ్రాములు, అందులో నీరు 18 శాతం దాకా ఉంటుంది. టీ స్పూను బీట్‌రూట్ రసం 5 గ్రాములు, అందులో దాదాపు తొంభై శాతం నీరే. రెండూ కలిసిన 12 గ్రాములలో నీళ్లే ఐదున్నర గ్రాముల పైన, అంటే ఇంచుమించు సగం. తేనె ఏళ్ల తరబడి చెడకుండా ఉండేది అందులో నీరు తక్కువ కాబట్టే. నీటి శాతం ఇరవై దాటితే ఈస్టుకు ప్రాణం లేచొస్తుంది. సగం నీళ్లయిన తేనె, పైగా బీట్‌రూట్ చక్కెర, పైగా ఏప్రిల్ వేడి: పులవకుండా ఎలా ఉంటుంది? పుల్లటి వాసన, బుడగలు దానివే. బూజు ఇంకా కంటికి కనపడలేదంటే లేదని కాదు.

విడిపోవడం రెండో సంగతి. తేనె, రసం నూనెలో కరగవు. వేడిగా ఉన్నప్పుడు గిలక్కొడితే కాసేపు కలిసినట్టు కనిపిస్తాయి, అంతే. తేనె సాంద్రత 1.4 దాకా, కొబ్బరినూనెది 0.92. బరువైనది అడుక్కు పోతుంది. ఆపడానికి ఎమల్సిఫయర్ (నూనెను, నీటిని కలిపి పట్టి ఉంచే పదార్థం) వేయవచ్చు గానీ, అప్పుడది గ్లాస్ కాదు, క్రీము. నీళ్లున్న క్రీముకు ప్రిజర్వేటివ్ తప్పనిసరి. వంటింట్లో అంత దూరం వెళ్లడం దేనికి?

రంగు గోధుమకు తిరగడం బీట్‌రూట్ స్వభావం. అందులోని బీటానిన్ నీళ్లలో కరిగే రంగు. నూనెలోకి రాదు, పెదవి మీది నూనె పొరలో పరుచుకోదు. వేడికీ వెలుతురుకూ నిలవదు. నీళ్ల గిన్నె మీద పెట్టినప్పుడే కొంత పోయి ఉంటుంది. ఎండబెట్టిన బీట్‌రూట్ పొడి వాడితే నీళ్ల బాధ తప్పుతుంది కదా అంటారు. తప్పుతుంది గానీ పొడి కూడా నూనెలో కరగక ఇసుకలా తగులుతుంది, ట్యూబు అడుగున పేరుకుంటుంది, గాలిలో తేమను లాక్కుంటుంది. బీట్‌రూట్‌ను కూరకే వదిలేయడం మంచిది.

కారిపోవడానికి కారణం కొబ్బరినూనె. అది 24 నుంచి 26 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన దగ్గర ఫిబ్రవరి చివర్నుంచే అది సీసాలో నీళ్లలా ఉంటుంది. చలిదేశాల రెసిపీల్లో కొబ్బరినూనెను గట్టిపడే పదార్థంగా లెక్కేస్తారు, ఆ లెక్క ఖమ్మంలో చెల్లదు. చిటికెడు తేనెమైనం అంత నూనెను పట్టి ఉంచలేదు. అసలు చిటికెడు అంటే ఎంత? మైనంలో కొద్ది శాతాల తేడా వస్తే గ్లాస్ కాస్తా బామ్ అయిపోతుంది, లేదా బామ్ నూనె అయిపోతుంది. స్పూన్లతో చేసే లిప్ గ్లాస్ ఒకసారి కుదిరితే కుదిరినట్టు, మళ్లీ అదే రాదు.

మెరుపు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పెదవి మీద ముడతలను కప్పి, నున్నటి తలంలా పరుచుకుని, కదలకుండా నిలిచే నూనె పొరే మెరుపు. కొబ్బరినూనె పలచన, కాబట్టి పాకిపోతుంది, ముడతల్లోకి దిగిపోతుంది, పొర మాయమవుతుంది. ఆముదం గది వేడిమి దగ్గర కొబ్బరినూనెకు పది రెట్లకు పైగా చిక్కన. దానిలో తొంభై శాతం దాకా ఉండే రిసినోలిక్ ఆమ్లానికి మామూలు నూనెల్లో లేని హైడ్రాక్సిల్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువుల జత) ఉంటుంది. ఆ గుంపుల వల్లే అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఆముదం అంత చిక్కగా ఉంటుంది, చర్మానికి అంటుకుని నిలుస్తుంది. కాంతిని వంచే గుణం కూడా కొబ్బరినూనె కంటే దానికి కొంచెం ఎక్కువ. కంపెనీ లిప్‌స్టిక్‌లలో దశాబ్దాలుగా ఆముదం వాడటానికి కారణం ఇదే. పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో పండే పంట ఇది. దీనిమీద పరిశోధనకు పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉన్నాయి. అయినా ఇంటి రెసిపీల్లో దాన్ని పక్కనపెట్టి కొబ్బరినూనె మీద పడటం వింతే.

చురచురకు కారణం పుదీనా నూనె. ఐదు చుక్కలు సుమారు 0.2 గ్రా. మొత్తం నలభై గ్రాములకు అర శాతం. కానీ అది తేనె, రసంలోకి పోదు, పైన తేలిన నూనెలోనే ఉండిపోతుంది కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువ. పెదవి చర్మం పలచన. దాల్చినచెక్క నూనె, లవంగ నూనె అయితే ఇంకా తీవ్రం, వాటిని పెదవికి వాడకపోవడమే నయం. పెదవులు ఉబ్బి నిండుగా కనిపిస్తాయని చెప్పే గ్లాసుల్లో జరిగేది ఇదే మంటే. పిండి తీసిన నిమ్మ తొక్క నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే మచ్చలు పడే ప్రమాదం కూడా ఉంది.

ఇక విటమిన్ ఇ క్యాప్సూల్. చాలా క్యాప్సూల్స్‌లో ఉండేది టోకోఫెరిల్ ఎసిటేట్. అది చర్మానికి మంచిదేమో గానీ సీసాలో నూనె ముక్క వాసన రాకుండా ఆపలేదు, ఆ పని చేయాల్సిన చోటే ఎసిటేట్ అతికి ఉంటుంది. కావలసింది మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ (ఎసిటేట్ అతకని విటమిన్ ఇ) అని రాసి ఉన్న నూనె. అది కూడా నూనె పాతబడకుండా ఆపుతుందే తప్ప బూజును, బ్యాక్టీరియాను ఆపదు. విటమిన్ ఇ వేశాం కదా, ప్రిజర్వేటివ్ అక్కర్లేదు అనే మాట ఎక్కడ విన్నా నమ్మవద్దు.

మార్చిన ఫార్ములా

నియమం ఒక్కటే పెట్టుకున్నాం: గిన్నెలో నీటి చుక్క ఉండకూడదు. రసం, తేనె, గ్లిసరిన్, కలబంద, పన్నీరు (గులాబీ నీరు) అన్నీ బయటికి. అప్పుడు ప్రిజర్వేటివ్ అవసరం పోతుంది, ఎమల్సిఫయర్ అవసరం పోతుంది. మిగిలేది నూనె, మైనం, నూనెలో కరిగే రంగు.

ముప్పై గ్రాములకు, అప్లికేటర్ ట్యూబుకు సరిపడే చిక్కదనంతో:

ఆముదం 18.6 గ్రా. (62 శాతం)
రంగు పట్టించిన ఎం.సి.టి. నూనె 6.6 గ్రా. (22 శాతం)
షియా బటర్ (షియా గింజల కొవ్వు) 2.4 గ్రా. (8 శాతం)
తేనెమైనం 2.1 గ్రా. (7 శాతం)
మిక్స్‌డ్ టోకోఫెరాల్స్ 0.21 గ్రా. (0.7 శాతం)
నూనెలో కరిగే ఫ్లేవర్ 0.09 గ్రా. (0.3 శాతం)

పది మిల్లీలీటర్ల ట్యూబులో తొమ్మిదిన్నర గ్రాముల దాకా పడుతుంది. గిన్నెకు అంటుకునేది పోగా మూడు ట్యూబులు నిండుతాయి, మూడోది కాస్త వెలితిగా ఉండొచ్చు.

ఆముదం: మందుల షాపులో ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా) గ్రేడు అని అమ్మే తెల్లటిది గానీ, గానుగలో చల్లగా తీసిన లేత పసుపుది గానీ వాడాలి. గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి తీసే వంటాముదం పనికిరాదు. వాసన, ముదురు రంగు ఒక ఎత్తు, అందులో మిగిలిపోయే తడి ఇంకో ఎత్తు. ఆముదం గింజలో విషం ఉంటుంది కదా అని కొందరు భయపడతారు. ఆ రిసిన్ ప్రోటీన్, నూనెలో కరగదు, పిప్పిలోనే ఉండిపోతుంది. శుద్ధి చేసిన నూనెలోకి రాదు.

ఎం.సి.టి. నూనె అంటే కొబ్బరినూనెలోంచి చలికి గడ్డకట్టే భాగం తీసేసినది. వాసన లేదు, త్వరగా పాడవదు, ఆముదం జిగటను విరుస్తుంది. దొరక్కపోతే బాదం నూనె వాడవచ్చు, నిలవ కాలం కాస్త తగ్గుతుంది. లిక్విడ్ పారాఫిన్, పెట్రోలియం జెల్లీ మాత్రం కుదరవు. ఆముదం వాటితో సరిగ్గా కలవదు, చల్లారాక వేరుపడుతుంది.

తేనెమైనం కొనేటప్పుడు జాగ్రత్త. బజారులో పారాఫిన్ కలిపిన మైనం చాలా ఉంది. అసలైనది వేళ్ల మధ్య నలిపితే మెత్తబడి జిగురుగా ముద్దవుతుంది, తేనెపట్టు వాసన వస్తుంది. పారాఫిన్ పొరలు పొరలుగా విరిగిపోతుంది. కలిపినదైతే ఈ ఫార్ములాలో దాచుకోలేదు కూడా: చల్లారేటప్పుడు ఆముదంలోంచి తెల్లటి పలుకులుగా బయటపడుతుంది. తేనెటీగల సరుకు వద్దనుకునేవారు కాండెలిల్లా అనే మొక్క మైనం వాడవచ్చు. అది తేనెమైనం కంటే చాలా గట్టిది, సగం చాలు, అంటే 3.5 శాతం. తగ్గిన మైనం బరువు ఆముదానికి కలపాలి.

రంగు

నూనెలో కరిగే రంగులు మన మూలికల కొట్లోనే ఉన్నాయి. మొదటిది రతన్‌జోత్ వేరు. కశ్మీరీ రోగన్ జోష్‌కు ఎరుపు ఇచ్చేదిదే. అందులోని ఆల్కానిన్ వర్గం రంగులు నూనెలోకి ఇట్టే దిగుతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి: ఉత్తరాదిన రతన్‌జోత్ అనే పేరు అడవి ఆముదానికి కూడా ఉంది. ఆ గింజలు విషం. కొట్లో అడిగేటప్పుడు, ఆన్‌లైన్‌లో తెప్పించేటప్పుడు ముదురు ఊదా రంగులో పొరలు పొరలుగా ఉండే వేరు బెరడే తీసుకోవాలి. గింజలు వస్తే పారేయాలి.

30 గ్రాముల ఎం.సి.టి. నూనెలో 3 గ్రాముల వేరు ముక్కలు వేసి, నీళ్ల గిన్నె మీద 60 నుంచి 65 డిగ్రీల మధ్య గంటసేపు ఉంచాలి. పొడి చేయవద్దు, వడపోతలో దిగిపోయి ట్యూబు అడుగున చేరుతుంది. పొడిగా ఆరిన పలచని గుడ్డలో ఒకసారి, కాఫీ ఫిల్టర్ కాగితంలో ఒకసారి వడకట్టాలి. కొంత నూనె వేరు పీల్చుకుంటుంది, అందుకని కావలసినదానికంటే ఎక్కువే పెట్టుకోవాలి. మిగిలింది ముదురు సీసాలో దాచుకుంటే తర్వాతి విడతకు వస్తుంది. గిన్నెలో చూస్తే మాణిక్యంలా ముదురు ఎరుపు, పెదవి మీద మాత్రం పలచటి గులాబీ. గిన్నె రంగు చూసి భయపడి నూనె తగ్గించవద్దు. గిన్నెకు డిష్‌వాష్ సోడానో, సబ్బో మిగిలి ఉంటే ఈ రంగు ఊదాకు తిరుగుతుంది, ఎందుకంటే క్షార గుణం తగిలితే ఆల్కానిన్ నీలం వైపు పోతుంది. ఎర్రటి నూనె ఊదాగా వచ్చిందంటే వేరును అనుమానించే ముందు గిన్నెను అనుమానించాలి.

రెండోది జాఫ్రా గింజలు. మన్యంలో పెంచుతారు, వెన్నకు, చీజుకు పసుపుపచ్చ రంగు ఇచ్చేది ఇదే. 30 గ్రాముల నూనెకు 3 గ్రాముల గింజలు, 65 డిగ్రీల దగ్గర అరగంట చాలు. ఎక్కువ కాగితే నారింజ రంగు మసక గోధుమ అవుతుంది. ఉట్టి రతన్‌జోత్ గులాబీ కొందరి చామనఛాయ మీద కాస్త పాలిపోయినట్టు ఉంటుంది. దానికి నాలుగు పాళ్లకు ఒక పాలు జాఫ్రా నూనె కలిపితే ఇటుక ఎరుపు వస్తుంది. మన ముఖాలకు అదే బాగుంటుందని మా అభిప్రాయం.

కుంకుమ, సింధూరం, హోలీ రంగులు, క్రాఫ్ట్ షాపు మెరుపు పొడులు పెదవికి పనికిరావు. కుంకుమలో, సింధూరంలో సీసం, పాదరసం కలిసిన రంగులు ఉండొచ్చు, గ్లాస్ రోజూ కొంత కడుపులోకి పోయే వస్తువు. తళుకు కావాలంటే పెదవులకు వాడవచ్చని లేబుల్ మీద ఉన్న కాస్మెటిక్ మైకా 3 శాతం చాలు. దాన్ని అంతే బరువు ఆముదంతో గరిటె వెనకవైపుతో నూరి ముద్ద చేసి వేయాలి. నేరుగా చల్లితే ఉండలు కడుతుంది.

చేసే పద్ధతి

కాటా 0.01 గ్రా. చూపేది ఉండాలి. 0.21 గ్రా. టోకోఫెరాల్‌ను వంటింటి కాటా పట్టుకోదు. థర్మామీటర్, మందపాటి చిన్న గాజు బీకరు, సూది లేని సిరంజి, స్టీలు స్పూను ఒకటి ఫ్రీజర్‌లో. పాత్రలన్నీ కడిగి, ఆరబెట్టి, 70 శాతం ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తుడిచి, ఆ స్పిరిట్ ఆవిరైపోయేదాకా ఆగాలి. ట్యూబు లోపల తడి ఉంటే ఇంతా చేసింది వృథా.

నీళ్ల గిన్నె మరిగించకుండా సన్నసెగన ఉంచాలి. బీకరులో తేనెమైనం, షియా, ఆముదంలో సగం వేసి 72 నుంచి 75 డిగ్రీలకు తేవాలి. బీకరు మీద మూత పెట్టవద్దు, ఆవిరి మూతకు పట్టి చుక్కలుగా లోపలికి రాలుతుంది. మైనం కరిగినట్టు కనిపించిన వెంటనే దించేయడం చాలామంది చేసే పని. మైనం కరగడం కాదు ముఖ్యం, షియాలోని గట్టి కొవ్వులు పూర్తిగా కరగడం. అదే వేడిమి దగ్గర పదిహేను ఇరవై నిమిషాలు నిలపాలి. లేకపోతే కంటికి కనపడని పలుకులు మిగిలి, వాటి చుట్టూ కొత్త పలుకులు పెరుగుతాయి. వారం తర్వాత గ్లాస్ రవ్వలా తగలడానికి మూలం అక్కడుంది.

ఈలోగా మిగిలిన ఆముదం, రంగు నూనె కలిపి వేరే గిన్నెలో 60 డిగ్రీలకు వెచ్చబెట్టాలి. చల్లటి నూనె పోస్తే మైనం ముక్కలుగా గడ్డకడుతుంది, మళ్లీ వేడి చేయాల్సి వస్తుంది. రెండూ కలిపి, స్టవ్ ఆపి, బీకరును దించి తుడిచి, ఐసు నీళ్ల పళ్లెంలో పెట్టి నిదానంగా, అడుగు దాకా కలపాలి. త్వరగా చల్లారితే షియా పలుకులు చిన్నవిగానే ఆగిపోతాయి. కలుపుతూ చల్లార్చితే మైనం అల్లిక మధ్యమధ్యలో విరిగి, గ్లాస్ మెత్తగా, జారుగా వస్తుంది. కదపకుండా వదిలేస్తే అదే కొలత గట్టి ముద్దవుతుంది. ఒకే ఫార్ములా ఇద్దరి చేతుల్లో రెండు రకాలుగా రావడానికి చాలాసార్లు ఇదే కారణం. గిలక్కొట్టడం, విస్కు వాడటం మాత్రం వద్దు. ఆముదంలో చేరిన గాలిబుడగ అంత తేలిగ్గా బయటికి రాదు, ట్యూబులో రంగు మసకగా కనిపిస్తుంది.

50 డిగ్రీల దగ్గర ఐసు నీళ్లలోంచి తీసి, ఫ్రీజర్ స్పూను మీద ఒక చుక్క వేసి, రెండు నిమిషాల తర్వాత స్పూనును గది వేడిమికి వచ్చేదాకా పక్కన ఉంచి, వేలితో రాసి చూడాలి. సరిపోయిందనుకుంటే టోకోఫెరాల్, ఫ్లేవర్ కలిపి, ఇంకా జారుగా ఉండగానే సిరంజితో ట్యూబుల్లోకి ఎక్కించాలి. ట్యూబు అడుగుకు సిరంజి మొన తాకేలా పట్టి నింపుతూ పైకి తేవాలి, పైనుంచి పోస్తే గాలి ఇరుక్కుంటుంది. మూత కింది తుడుపు బిరడా గట్టిగా నొక్కాలి. అప్లికేటర్‌కు ఎక్కువైనది తుడిచేది అదే, అది వదులైతే గ్లాస్ మూత మరల్లోకి చేరి కారుతుంది.

స్పూను చెప్పేది

చుక్క స్పూను మీద పారుతూ, పెదవి గీత దాటి పాకుతుంటే మైనం చాలలేదు. ముప్పై గ్రాములకు 0.15 గ్రా. మైనం, అంటే అర శాతం, వేరే గిన్నెలో కొద్ది నూనెతో కరిగించి కలిపి మొత్తాన్ని మళ్లీ 72 డిగ్రీలకు తేవాలి. ఒక్కసారి అర శాతం కంటే పెంచవద్దు. మెరుపు తగ్గి, పెదవి మీద మందంగా ఈడుస్తుంటే మైనం ఎక్కువైంది. మైనం పలుకులు కాంతిని చెదరగొట్టి నిగ్గు చంపేస్తాయి. ఆముదం, రంగు నూనె సమానంగా కొద్దికొద్దిగా కలిపి చూడాలి. పెదాలు రెండూ అంటుకుని తీగలు సాగుతుంటే ఆముదం ఎక్కువైనట్టు. ఐదు శాతం దాన్ని తగ్గించి ఎం.సి.టి. పెంచితే చాలు. ఇంకా పెంచితే జిగటతోబాటు మెరుపు కూడా పోతుంది, అక్కడ ఆగాలి. జుట్టు అతుక్కుంటోందన్న ఫిర్యాదుకు పూర్తి పరిష్కారం లేదు, మెరిసే గ్లాస్ ఏదైనా కొంత అంటుతుంది.

మరునాడు ట్యూబు పైభాగంలో నూనె చెమటలా తేలితే రెండు కారణాలు చూడాలి: మైనంలో పారాఫిన్ ఉండటం, లేదా చల్లార్చేటప్పుడు మధ్యలో వదిలేయడం. రెండోదైతే మళ్లీ కరిగించి పోస్తే సరిపోతుంది. మొదటిదైతే మైనం మార్చాలి.

వేడి పరీక్ష

రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గదిలోనే గ్లాస్‌కు పరీక్ష జరిగిపోతుంది, వేరే ఓవెన్ అక్కర్లేదు. మిగతా చోట్ల ఒక ట్యూబును 40 డిగ్రీల దగ్గర ఒక రోజు, ఫ్రిజ్‌లో ఒక రోజు, ఇలా మూడు విడతలు తిప్పాలి. వేడిలో ఉన్నప్పుడు ట్యూబును తలకిందులుగా నిలబెట్టాలి, మూత దగ్గర చెమ్మ వస్తే బిరడా తప్పు. విడతలయ్యాక వేలి మీద రాసి రవ్వ ఉందేమో, రంగు అడుగుకు చేరిందేమో చూడాలి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ, నూనెలో ఏడు శాతమే ఉన్నప్పుడు ఆ అల్లిక అంతకంటే చాలా ముందే వదులవుతుంది. కాబట్టి ఎండలో నిలిపిన కారులో పెడితే ఈ గ్లాస్ కూడా ద్రవమవుతుంది. తేడా ఏమిటంటే ఇందులో విడిపోవడానికి నీళ్లు లేవు, చల్లారాక మళ్లీ చిక్కబడుతుంది, కాస్త రవ్వ తేలవచ్చు. ఏప్రిల్, మే కోసం చేసేటప్పుడు మైనం 8 శాతానికి పెంచి, ఆ ఒక్క శాతం రంగు నూనెలో తగ్గించడం మేలు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో చలికాలానికి చేసుకునే తెలుగువారికి 5 శాతం చాలు, లేకపోతే జనవరిలో అప్లికేటర్ ట్యూబులోంచి ఊడిరాదు. చిన్న డబ్బాలో వేలితో తీసుకునే రకం కావాలంటే 12, 13 శాతం దాకా పోవచ్చు. అప్పుడు దాన్ని గ్లాస్ అనడం మొహమాటమే.

వాడకం, నిలవ

కేసులోని పెళ్లికి ఇచ్చే ట్యూబుల మీద తయారీ తేదీ, ఆరు నెలల గడువు, పదార్థాల పేర్లు రాయించాం. పదార్థాల పేర్లు అలంకారం కాదు. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లానికి అలర్జీ వచ్చేవాళ్లు అరుదుగానైనా ఉన్నారు. పెదవులు పొక్కినట్టయి, అంచులు ఎర్రబడి, మానేస్తే తగ్గుతుంది. మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూసి వాడమని చెప్పడం మంచిది. నీళ్లు లేని గ్లాస్‌లోకి కూడా నీళ్లు చేరే దారి ఒకటుంది: అప్లికేటర్. పెదవి తడి, ఉమ్మి దానితో లోపలికి పోతాయి. అన్నం తిన్న వెంటనే పెదవులు తుడవకుండా రాయడం, ఒకే ట్యూబు నలుగురు వాడటం, పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నప్పుడు రాయడం, ఈ మూడూ తప్పు. పెళ్లికూతురి అలంకరణ చేసేవాళ్లు చిన్న స్పాచులాతో పళ్లెంలోకి తీసి, ఒక్కొక్కరికి వేరే బ్రష్షుతో రాయాలి. ముక్క వాసన వస్తే గడువు ఉన్నా పారేయాల్సిందే.

బంధువులకు పంచడం వేరు, అమ్మడం వేరు. అమ్మకానికి చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. రంగుల్లో సీసం, ఆర్సెనిక్ పరిమితులకు పరీక్షలు ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో హోమ్‌మేడ్ అని రాసుకున్నంత మాత్రాన మినహాయింపు రాదు. అమెరికాలో అమ్మాలనుకునేవారికి ఇంకో చిక్కు: అక్కడి ఎఫ్‌డీఏ కాస్మెటిక్స్‌కు ఒప్పుకునే రంగుల జాబితాలో జాఫ్రా ఉంది, రతన్‌జోత్ లేదు. అలాంటప్పుడు ఆ జాబితాలో ఉన్న ఐరన్ ఆక్సైడ్లు, జాఫ్రాతో సర్దుకోవాలి.

పని అయ్యాక బీకరును సింకులో కడగవద్దు. ఆముదం, మైనం కలిసి గొట్టంలో గడ్డకడతాయి. వెచ్చగా ఉండగానే కాగితంతో తుడిచి చెత్తలో వేసి, ఆ తర్వాతే వేడినీళ్లు, సబ్బు. రతన్‌జోత్ మరక పడిన గిన్నెకు ముందు ఉట్టి నూనె రాసి తుడిస్తే సబ్బు కంటే త్వరగా పోతుంది.